కథలో లేని ట్రాక్టర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం నాలో ఉన్నది భయం. బీదర్‌లో కన్నడ సాహిత్యం చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని నేను. ఏటా కొత్తగా ఆర్డర్ రావాలి. ఈసారి ఆర్డర్ రావాలంటే, మైసూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా క్లాసులో కూర్చుని చూసి, బాగుందని రాయాలి.

మా పిల్లలు కన్నడ కథను బట్టీ పట్టి పరీక్ష రాసేస్తారు. ఆ కథలో మనుషులున్నారన్న సంగతే వాళ్లకు పట్టదు. అందుకే గుంపులు చేసి, పాత్రలిచ్చి, బెంచీలు వెనక్కి జరిపి ఆడిస్తాను. "మీది పాఠమా, జాతరా?" అని స్టాఫ్ రూములో దెప్పుతారు. దెప్పనీ. సరిగ్గా ఆ జాతరే ఈ పెద్దాయన ముందు పెట్టాల్సి వచ్చింది.

పాఠం ఇద్దరు అన్నదమ్ముల కథ. తండ్రి పోయాక చేను పంచుకుంటారు, మధ్యలో గెట్టు వేస్తారు, ఆ గెట్టు కోసం కొట్టుకునేదాకా పోతారు. చివరికి అన్నే ఆ గెట్టును చెరిపేస్తాడు. అన్న వేషం, తమ్ముడి వేషం చిట్గుప్ప దగ్గరి పల్లె నుంచి వచ్చే ఇద్దరికి ఇచ్చాను. ఇద్దరూ తెలుగువాళ్లు, ఒకే ఇంటిపేరు, ఒకే బస్సు. అన్నదమ్ముల పిల్లలు కదా, బాగా కలిసి చేస్తారనుకున్నాను. ఈ మధ్య వాళ్లు వేర్వేరు బెంచీల్లో కూర్చుంటున్నారని నాకు తట్టనేలేదు.

ముందురోజు పిల్లలకు ఉన్నమాట చెప్పేశాను. రేపు సార్ బాగా రాయకపోతే వచ్చే ఏడు మీకు ఇంకెవరో పాఠం చెప్తారు అన్నాను. పెద్దవాడు, అంటే అన్న వేషం వేసేవాడు, లేచి నిలబడ్డాడు.

"ఫికర్ చేయకుండ్రి మేడం. మేం చూసుకుంటం."

మర్నాడు పెద్దాయన వెనక బెంచీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నారు. నేల మీద సుద్దముక్కతో గీత గీశాం, అదే గెట్టు. పెద్దవాడి చేతిలో కర్ర. రైతు చేతిలో కర్ర లేకపోతే బాగుండదని నేనే తెప్పించాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! తల్లి వేషం వేసిన పిల్ల చున్నీ నెత్తిన కప్పుకుని మధ్యలో నిలబడింది. మొదట అంతా కన్నడలోనే, పుస్తకంలో ఉన్నట్టే నడిచింది. పెద్దాయన తల ఊపారు. నాకు కాస్త ఊపిరి ఆడింది.

అంతలో తమ్ముడి వేషం వేసిన చిన్నవాడు తెలుగులోకి దిగిపోయాడు.

"మేం ఊర్ల లేంది చూసి, మీ నాయిన ట్రాక్టర్ తోలిచ్చి మా గెట్టు దున్నియ్యలేదా? ఇన్నేండ్లు పెద్దనాయినా, పెద్దనాయినా అని పిలిచినందుకు మంచిగనే చేసిండు!"

కథలో ట్రాక్టర్ లేదు. కథలో తండ్రి చనిపోయాడు. వీడు మాట్లాడుతున్నది పాఠం కాదు.

"మీ అమ్మ ఠాణాల మా నాయిన పేరు రాయించలేదా?" పెద్దవాడు కర్రను గట్టిగా పట్టుకున్నాడు. "పొద్దూకేదాక ఆయనను కింద కూసోబెట్టిండ్రు. ఊరంత చూసింది రా!"

పాపం, తల్లి వేషం పిల్లకు ఏం చేయాలో తోచలేదు. గొడవపడకండి బిడ్డలారా అని పుస్తకంలోని మాటనే కన్నడలో అప్పజెప్పి బిక్కమొహం వేసుకుని నావైపు చూసింది. తెలుగు వచ్చిన పిల్లలంతా నోళ్లు మూసుకుని కూర్చున్నారు. తెలుగు రాని పెద్దాయన మాత్రం ముందుకు వంగి, మైమరచి చూస్తున్నారు. నేను ఆపితే క్లాసు అదుపులో లేదని రాస్తారు, ఇక ఆర్డర్ రాదు. ఆపకపోతే ఆ కర్ర ఎక్కడ పడుతుందో తెలియదు.

చిన్నవాడు గీత దాటి ఒక అడుగు ముందుకేశాడు. పెద్దవాడు కర్ర ఎత్తాడు.

నౌకరీ పోతే పోయింది. "అరేయ్! కర్ర కింద పెట్టు!" అని తెలుగులోనే గట్టిగా అరిచాను. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

పెద్దవాడు ఉలిక్కిపడి నన్ను చూశాడు. తర్వాత వెనక బెంచీలో ఉన్న పెద్దాయనను చూశాడు. ముందురోజు తను నాకిచ్చిన మాట గుర్తొచ్చిందేమో, దవడలు బిగించి కర్ర కింద పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో గీతను చెరపడం మొదలుపెట్టాడు. చెరుపుతూనే, తల ఎత్తకుండా అన్నాడు.

"ఇది మేడం నౌక్రి కోసం తుడుస్తున్న. మా చేన్ల గెట్టు దాటి వచ్చినవంటే మాత్రం కాలిరగ్గొడ్త తమ్మీ."

పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చివరి మాటకు అర్థమేమిటమ్మా అని కన్నడలో అడిగారు. క్లాసంతా నా మొహమే చూస్తోంది. "అన్నదమ్ముల మధ్య గీత ఎందుకు అన్నాడు సార్" అన్నాను. ఆయన దాన్ని రాసుకున్నారు. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు.

గంట కొట్టగానే పెద్దవాడు చేతులైనా కడుక్కోకుండా వెళ్లిపోయాడు. చిన్నవాడు మాత్రం గీత చెరిగిన చోట అలాగే నిలబడి ఉన్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెడామడా తిడదామనుకున్నదాన్ని, వాడి మొహం చూసి మెత్తబడ్డాను.

"ఏమైందిరా? కాలిరగ్గొడ్తనన్నడని భయమైతుందా?"

"లేదు మేడం." వాడు కళ్లు తుడుచుకున్నాడు. "లొల్లి అయిన కాడికెల్లి అన్న నాతోని మాట్లాడ్తలేడు. ఇయ్యాల కోపంల అన్నా సరే, తమ్మీ అన్నడు."

నాకు ఏడుపొచ్చింది. అది వాడికి కనబడకూడదని బల్ల మీది పుస్తకాలు గబగబా సర్దుకున్నాను.

"పో పో, బస్సు పోతది" అని కసిరాను. "ఇద్దరికీ అదే బస్సు గదా."