నేనెక్కితే ఆగిపోయే వ్యాను

మా ఆయన నోట్లోంచి మాట రావాలంటే ఆయన చేతిలో స్టీరింగ్ ఉండాలి. వారంలో ఆరు రోజులు ఈ హిందీ ఊరి ప్లాంటులో కాంట్రాక్టు పని చేసి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. "ఊఁ", "పెట్టు", "చాలు" అనే మూడు ముక్కలతో సంసారం నెట్టుకొచ్చిన మహానుభావుడు. అదే ఆదివారం బాగ్‌బేరాలో మా ఇంటి ముందు నుంచి పాత వ్యాను తీసి గోల్‌మురి బజారుకి బయల్దేరామా, ముందు సీట్లో ఉన్నవాళ్ళతో దారిపొడుగునా కబుర్లే. "గేరు మార్సినప్పుడు ఏటైనా ఇనబడిందా? ఆ గిలక చప్పుడు ఎటేపునుంచి వత్తంది?" అని నా వైపు తిరిగి మరీ అడిగేవాడు. నేనూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. వారం మొత్తంలో మొగుడు నాతో మాట్లాడేది ఆ కాసేపే. అందుకే ఆ సీటంటే నాకు ప్రాణం.

కిందటి వేసవిలో ఆ వ్యానుకి మాయరోగం పట్టుకుంది. శుభ్రంగా వెళుతూ వెళుతూ ఉండగా డాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయేవి, ఇంజను ఆగిపోయేది. కాసేపు తాళం అటూ ఇటూ తిప్పి, నాలుగు తిట్లు తిడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మెకానిక్ దగ్గరికి తీసుకెళితే మాత్రం పెళ్ళిచూపుల్లో పిల్లలా ఎంత బుద్ధిగా ఉండేదో!

మా ఆయన బ్యాటరీ టెర్మినళ్ళు గీకి తుడిచాడు, ఫ్యూజులు మార్చాడు, తాళం స్విచ్చి కొత్తది వేయించాడు. పనిలో పనిగా బెల్టూ, బేరింగులూ, ఊగుతున్న తలుపు బందులూ అన్నీ బాగుచేయించాడు. మీటరు పెట్టి చూస్తే ప్రతి తీగా బాగానే ఉన్నానంటుంది. ఆదివారం మళ్ళీ ఆగుతుంది.

"ఎప్పుడెప్పుడు ఆగుతోంది?" అని హిందీలో అడిగాడు పర్సుడీహ్ పేట మెకానిక్. మా ఆయన ఆలోచించాడు. ఒక్కడే డ్యూటీకి వెళ్ళినప్పుడు ఏనాడూ ఆగలేదు. నేను పక్కనుంటేనే ఆగుతోంది. మెకానిక్ పళ్ళికిలించి, "తో భాభీజీకో పీఛే బైఠాకే దేఖియే" అన్నాడు. వదినగారిని వెనక కూర్చోబెట్టి చూడమని! వాడు వేళాకోళానికే అన్నాడు. మా ఆయనకి వేళాకోళం తెలియదు కదా.

"ఒకసారికి ఒకటే మార్సాల. అప్పుడే ఫాల్టు దొరుకుద్ది," అన్నాడు నాతో. ప్లాంటులో అలాగే చేస్తారట. నేనూ ఒక విడిభాగాన్నే అన్నమాట! ఆ ఆదివారం నన్ను వెనక్కి పంపి, నా తోడికోడల్ని ముందు కూర్చోబెట్టాడు. మా మరిదికి ఆదివారాలు షిఫ్టు డ్యూటీ, అందుకని ఆవిడ ఎప్పుడూ మాతోనే బజారుకి వస్తుంది. నన్ను అక్క వరసన 'అప్పా' అని పిలుస్తుంది.

వ్యాను ఆగలేదు. మరుసటి వారమూ ఆగలేదు. ఆ పై వారం సరిచూడ్డానికి నన్ను ముందు కూర్చోబెట్టాడు. రైలు పట్టాలు దాటుతూ ఉండగా టప్పున ఆగింది. వెనక లారీలవాళ్ళ హారన్లు, వాళ్ళ నోళ్ళు! ఆ దెబ్బతో తీర్పు అయిపోయింది.

"కొందరికి బండ్లు అచ్చిరావప్పా. బాదపడకు," అంది తోడికోడలు, జాలిగా. ఆ జాలికి నా ఒళ్ళు మండిపోయింది.

అప్పట్నుంచి ముందు సీటు ఆవిడ సొంతమైపోయింది. తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మహారాణిలా ఎక్కి కూర్చునేది. ఒళ్ళో ఫోను. మా ఆయన గేరు సంగతీ, బ్రేకు సంగతీ చెబుతుంటే ఫోను మీంచి తలెత్తకుండానే "అవును బావగారూ, నిజమే బావగారూ" అనేది. ఆవిడకి క్లచ్చికీ బ్రేకుకీ తేడా తెలియదు! ఆ ఉత్తుత్తి "అవును"లకే ఆయన నవ్వేవాడు. నాకు మాత్రం కూరగాయల సంచుల మధ్య నుంచి సగం మాటలే వినబడేవి.

"ఏటంటన్నారు?" అని మెడ చాచి అడిగాను ఒకసారి.

"ఎనక కూకుంటే ఇనబడదులే అప్పా," అంది, తిరిగి చూడకుండానే.

కుళ్ళుకున్నాను. ఎందుకు దాచాలి, బాగా కుళ్ళుకున్నాను. ఆవిడ మీద అనుమానమేమీ కాదు, ఆయన మీద అంతకన్నా లేదు. నా మాటలు ఎవరో తినేస్తున్నారన్న మంట. నాలో లేనిది, ఆవిడలో ఉన్నది ఏమిటో తేల్చుకోవాలని ఆవిడ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్ళప్పగించి చూసేదాన్ని. కాళ్ళు ఎక్కడ పెడుతుంది, దేన్ని ఆనుకుంటుంది, చేతులతో ఏం చేస్తుంది. చేసేదేమీ లేదు, ఫోను నొక్కుకోవడమే.

ఓ ఆదివారం ఆవిడ ఫోను మోగింది. వాళ్ళ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందట. "తండ్రీ జగన్నాథా!" అంటూ డాష్‌బోర్డు మీద ఉన్న జగన్నాథుడి బొమ్మని తాకి కళ్ళకద్దుకుంది.

వ్యాను ఆగిపోయింది.

అమ్మాయికి ఉద్యోగం వచ్చినందుకు నాకూ సంతోషమే. కానీ బండి ఆగినందుకు కలిగిన సంతోషం ముందు అదెంత! నేను ముందు కూర్చుంటే గుడి కనబడినా, పట్టాలు దాటాల్సివచ్చినా ఆ బొమ్మని తాకి దండం పెట్టుకోకుండా ఉండను. ఈవిడ ఇన్నాళ్ళలో ఒక్కసారైనా దాన్ని తాకి ఎరగదు.

"మళ్ళీ ముట్టుకో!" అని వెనక నుంచి అరిచాను. "స్టార్టు సెయ్యండి మీరు. ఒలే, నువ్వు మళ్ళీ ముట్టుకో!"

ముట్టుకుంది. లైట్లు మినుక్కుమని ఆరిపోయాయి.

ఆ బొమ్మ పూరీ నుంచి తెచ్చింది ఆవిడే. దేవుడి వెనక చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దానికి కరెంటివ్వడానికి మా ఆయన తాళం దగ్గరి తీగని మధ్యలో కోసి, మూడు కొసలూ కలిపి మెలేసి టేపు చుట్టాడట. ఏడాది తిరిగేసరికి ఎండకి ఆ టేపు జిగురు కారిపోయింది, బొమ్మ అడుగున గమ్మూ వదులైంది. చెయ్యి తగిలితే బొమ్మ ఒరిగి, కింద తీగని లాగుతోంది.

డాష్‌బోర్డు కింద దూరి ఆ ముడి బయటికి లాగాడు మా ఆయన. "మీటరట్టుకుని బండంతా ఎతికేను గానీ ఇది సూడనేదు," అన్నాడు. మీటరుకి కుళ్ళు ఉండదు మరి. ఆ రోజే ఇంటికెళ్ళి తీగలు సోల్డరింగు చేసి, బొమ్మని గట్టిగా బిగించాడు.

మరుసటి ఆదివారం నేను ముందు కూర్చున్నాను. తోడికోడలు వెళ్ళి సంచుల మధ్య సర్దుకుంది. జగన్నాథుడికి తనివితీరా దండం పెట్టుకున్నాను. వ్యాను ఆగలేదు. గేరు మారింది, చప్పుడు లేదు. పట్టాలు దాటాం, తలుపు గిలక్కొట్టుకోలేదు. మా ఆయన రోడ్డు వైపే చూస్తూ నడుపుతున్నాడు. నేను ఆయన మొహంకేసి చూశాను. ఎదురుచూశాను. స్టేషను దాటింది, ఒక్క మాట లేదు.

"బాగుందా బండి?" అన్నాను.

"ఊఁ," అన్నాడు.

బండికి రోగం పోయింది, దాంతోపాటే ఆయన మాటలూ పోయాయి. పోట్లాడి, కాపలా కాసి సంపాదించుకున్న సీటు ఇదా? చెవి ఒగ్గి, కనుబొమలు ముడిచి, "అదేటండీ, కీచుమంటంది?" అన్నాను.

ఏ చప్పుడూ లేదు. ఆయన మాత్రం గబుక్కున అద్దం దించాడు. నా వైపు తిరిగాడు. "ఎక్కడ? ముందర చక్రమా? బ్రేకు తొక్కినప్పుడా, ఒదిలినప్పుడా? సరిగా సెప్పు!"

"ఒదిలినప్పుడు అనుకుంటాను," అన్నాను. ఇక అందుకున్నాడు. బ్రేకు గురించి, బేరింగు గురించి, పెళ్ళయిన కొత్తలో కొన్న స్కూటరు గురించి, గోల్‌మురి దాకా నోరు మూయలేదు.

"నాకేటీ ఇనబడనేదే బావగారూ!" అంది వెనక నుంచి తోడికోడలు.

"ఎనక కూకుంటే ఇనబడదులే," అన్నాను నేను, తిరిగి చూడకుండానే.