ఉసిరిచెట్టు కింద తెలియనట్టు

ఎవరి అన్నమో తిని, నా పెళ్లి నేనే చెడగొట్టుకోబోయిన కథ ఇది. నవ్వండి, నేనేమీ అనుకోను. కరీంనగర్ సగం ఎప్పుడో నవ్వేసింది.

మా పార్కు ఒకప్పుడు సర్కారు గుర్రాలు మేసిన బీడట. గుర్రాలు పోయాక బెంచీలు, రేడియో స్తంభం, ఫౌంటెన్ వచ్చాయి. ఫౌంటెన్‌లోకి నీళ్లు మాత్రం ఇంకా రావాలి. పొద్దుగూకితే పెద్దలు రేడియో వార్తలు వినేవారు, పిల్లలు జారుడుబండ మీద లాగులు చింపుకునేవారు. వీటన్నిటినీ మించిన పని ఇంకొకటి ఉండేది: చాటుమాటు పెళ్లిచూపులు. ఇరువైపులవారూ ఒకరికొకరు తెలియనట్టే తిరగాలి. నచ్చితే మాట కలుపుతారు; నచ్చకపోతే ఎవరి పరువు వారి దగ్గరే భద్రం.

ఎనభైలలో ఒక కార్తీక ఆదివారం.

"సుల్తానాబాదోళ్లు వనభోజనానికి వస్తుండ్రు. ఫౌంటెన్ పక్క ఉసిరిచెట్టు కింద కూసుంటరు," అన్నాడు మా మేనమామ. "జర తెలువనట్టే ఉండు అల్లుడా. గీ సంబంధం గిట్ట పోతే నేనైతే ఇంకోటి చూడ."

అంతకుముందు మూడు నా నోటివల్లే పోయాయి మరి.

ఇస్త్రీ ప్యాంటు నలగకుండా నడిచివెళ్లాను. చెట్టు కింద ఒక కుటుంబం, ఆకుపచ్చ చీరలో ఒక అమ్మాయి.

"ఎవలు బిడ్డా నువ్వు?" అన్నాడు ఇంటిపెద్ద.

ఆహా, ఏం నటన! నేను తగ్గుతానా? "ఊకెనే ఇట్ల వచ్చిన," అని కన్ను గీటాను.

ఆయన భార్య వైపు చూశాడు. "పాపం, ఆకలైనట్టుంది. కూసో, తిను."

సర్వపిండి, పులిహోర, పరమాన్నం. కాదంటే మర్యాద కాదని మూడుసార్లు వడ్డించుకున్నాను. ముద్దముద్దకూ ఒక పొగడ్త.

"పిల్ల ఏం చదివింది?" గాలిని అడిగినట్టు అడిగాను.

"నీకెందుకు?"

"మస్తు దాస్తుండ్రు మామా!"

గరిటె ఆగింది. "మామనా? దాని మొగడు గా కొమ్మకు ఉయ్యాల కడుతుండు. పిలవాల్నా?"

మొగుడు ఇటు తిరిగాడు. అడ్డంగా ఫౌంటెన్ అంత ఉన్నాడు.

ఆయన నుంచి తప్పించుకున్న నా చూపు ఫౌంటెన్ అవతల ఇంకో ఉసిరిచెట్టు మీద పడింది. దాని కింద నెత్తిన చేతులు పెట్టుకుని మా మేనమామ, పక్కన సుల్తానాబాదువారు. నియమం తప్పకూడదని ఒక్కరూ నన్ను పిలవలేదు. తెలియనట్టే కూర్చుని అంతా చూశారు, విన్నారు.

తలవంచుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాను.

"మా దగ్గర గూడ అన్నం ఉండె గద బాబూ," అన్నాడు పిల్ల తండ్రి.

"ఇగ ఇంటికి పోదాం పా," అన్నాడు మామ.

అప్పుడు ఆ పిల్లే నోరు విప్పింది. "బాపూ, ఎవలో వండిందే గింత మెచ్చుకుంట తిన్నడు. నేను ఎట్ల వండినా వంక పెట్టడు. ఖాయం చెయ్యి."

నేటికీ ఆమె వంటకు వంక పెట్టలేదు. పెట్టే మొహం ఆ రోజే పోయింది. ఇకమీదట ఇంటిపేరు అడగకుండా ఏ చెట్టు కిందా విస్తరి ముందు కూర్చోనని, రెండు ఉసిరిచెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.