తండ్రి గడిలో సున్నా

పోయిన వారం మా మనవరాలి బడి నుంచి ఒక కాగితం వచ్చింది. మూడేళ్ళు నిండని పిల్లకు బడేమిటని నేను అననులెండి, ఖమ్మంలో ఇప్పుడు అందరూ పంపుతున్నారు, పిల్ల కూడా సంతోషంగానే ఆటో ఎక్కి వెళ్తున్నది. తల్లి రోజుకు ఎంతసేపు పాపతో గడుపుతుంది, తండ్రి ఎంతసేపు గడుపుతాడు అని అందులో ప్రశ్నలున్నాయి. మా కోడలు తండ్రి గడిలో అరగంట అని రాస్తే మావాడు ఒప్పుకోక, రోజూ స్నానం చేయించేది నేనే కదా, అది కలపవా అని పేచీ పెట్టాడు. వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ వాదించుకుంటుంటే, పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నాకు, నలభై అయిదేళ్ళ కిందట అలాంటి గడిలోనే చేతులారా సున్నా రాసిన సంగతి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి నేలకొండపల్లి దగ్గర భూమి కొనుక్కుని స్థిరపడ్డ రైతు. పసిపిల్లలు ఎలా పెరుగుతారు, ఇంట్లో ఎవరితో ఎలా మెలుగుతారు అనే దానిమీద పరిశోధన చేయడానికి హైదరాబాదు నుంచి ఒక మనస్తత్వ శాస్త్రవేత్త కొత్తగూడెం వచ్చారు. మేమంతా ఆవిడను మేడం అనే పిలిచేవాళ్ళం. ఇళ్ళకు వెళ్ళి చూసి రాయడానికి చదువుకున్న ఆడపిల్లలు కావాలంటే, మా లెక్చరరు నా పేరు చెప్పింది. ఆ సంగతి చెప్పాక నాన్న రెండు రోజులు అవుననలేదు, కాదనలేదు. మూడోనాడు నా ట్రంకుపెట్టెకు కొత్త తాళం కొనుక్కొచ్చి మంచం మీద పెట్టి పొలానికి వెళ్ళిపోయాడు. ఆయన అనుమతి అంతే. మా ఇంట్లో ఆడపిల్లలతో తండ్రి మాట్లాడటం అనేది పెద్దగా ఉండేది కాదు, అందుకు నాకు లోలోపల కొంచెం కోపం కూడా ఉండేది.

మేడం నాకు ఒక చేతిగడియారం, ఒక అట్ట, గళ్ళు గీసిన కాగితాలు ఇచ్చారు. గని కార్మికుల క్వార్టర్లలో ఒక ఇంటికి వెళ్ళి, మూలన పీట వేసుకుని కూర్చుని, అయిదు నిమిషాలకోసారి పాప ఏం చేస్తున్నది, పక్కన ఎవరున్నారు, ఎవరు ఏమన్నారు అని రాయాలి. కలగజేసుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక ఇంట్లో చూసింది ఎవరికీ చెప్పకూడదు, ఆ ఇంటివాళ్ళకైనా సరే.

నాకు అప్పగించిన ఇళ్ళలో ఒకదానిలో రెండున్నరేళ్ళ పాప ఉండేది. తండ్రి బాయి పనివాడు. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. మొదటి షిఫ్టు దిగి మూడున్నరకు ఇల్లు చేరేవాడు. సరిగ్గా ఆ వేళకే వీధి కుళాయిలో నీళ్ళు వచ్చేవి కనుక, పాప తల్లి బిందెలు పట్టుకుని వరుసలో నిలబడి ఉండేది. అతను వచ్చి, చెప్పులు విడిచి, టిఫిన్ డబ్బా పాప ముందు పెట్టి గోడకు చేరగిలబడేవాడు. పాప రెండు చేతులతో మూత తీసేది. అడుగున ఎప్పుడూ ఒక ముద్ద మిగిలి ఉండేది, ఒకరోజు పప్పన్నం, ఒకరోజు ఉప్పుచేప ముక్క పెట్టిన అన్నం. అతను చిన్న చిన్న ముద్దలు చేసి అరచేతిలో వరుసగా పెడితే పాప ఒక్కొక్కటే ఏరుకుని తినేది. అన్నీ అయ్యాక ఖాళీ అరచేయి పాపకు చూపించేవాడు. పాప ఆ చేతిని తిరగేసి వెనకవైపు వెతికేది. ఇంతసేపట్లో ఇద్దరూ ఒక్క మాట అనేవారు కాదు. తల్లి నీళ్ళతో వచ్చేసరికి అతను గోడవైపు తిరిగి నిద్రపోతూ ఉండేవాడు. తండ్రి అన్న మాటలు అనే గడిలో నేను రోజూ సున్నా రాసేదాన్ని. చూసిందంతా కింద ఖాళీ జాగాలో రాసేదాన్ని.

ఆ తల్లి నాకన్నా ఓ మూడేళ్ళు పెద్దదేమో, బియ్యం చెరుగుతూ ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“మొగపిల్లగాడు పుట్టలేదని ఆయన మనసుల ఉన్నది చెల్లె. గిన్ని దినాలాయె, పిల్లను ఒక్కనాడన్న పేరు పెట్టి పిలిచిండా?”

నేను నిబంధన ప్రకారం తల వంచుకుని ఊరుకున్నాను. మరుసటి వారం వెళ్ళేసరికి తలుపుకు తాళం ఉంది. ఏదో మాటా మాటా పెరిగి ఆమె పిల్లను తీసుకుని అశ్వారావుపేట దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయిందని, పెద్దమనుషుల్లో పెట్టి తెగతెంపులు చేసుకుంటారట అని పక్కింటివాళ్ళు చెప్పారు.

చోటు మారినా పిల్లను చూడటం మానకూడదని మేడం నన్ను అక్కడికి పంపారు. ఇప్పటిలా అప్పుడు అటువైపు పామాయిలు తోటలు లేవు, బస్సు అడవి మధ్య నుంచే పోయేది. వాళ్ళింట్లో యథాప్రకారం ఒక మూల కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక పాప లేచి వంటగదిలోకి వెళ్ళింది. ఉప్పు డబ్బా మూత తీసి లోపల చూసింది, పక్కన పెట్టింది. పప్పు డబ్బా తీసింది, చూసింది. చక్కెర డబ్బా కిందపడి చక్కెరంతా ఒలికింది. అమ్మమ్మ పరుగెత్తుకొచ్చి వీపు మీద ఒకటి వేసింది.

“వచ్చినకాడి నుంచి ఇదే పని. డబ్బాలన్నీ తీసి చూస్తది. బువ్వ పెడితే తినది. దీనికేమన్న గాలి సోకిందేమో!”

పాప ఏడవలేదు. చక్కెర మీద కాలుపెట్టకుండా దాటుకుని ఇంకో డబ్బా దగ్గరకు వెళ్ళింది. అట్ట పక్కన పెట్టేశాను. ఉద్యోగం పోతుందని తెలుసు, మేడం ముఖం ఎలా చూడాలో తెలియదు, అయినా ఉండలేకపోయాను. సంచిలోంచి పాత కాగితాలు తీసి ఆ తల్లి పక్కన కూర్చుని చదివాను.

“మూడు గంటల ముప్పై అయిదు. తండ్రి డబ్బా పాప ముందు పెట్టాడు. మూడు నలభై. తండ్రి అరచేతిలో అయిదు ముద్దలు. పాప తింటున్నది. మూడు నలభై అయిదు. పాప తండ్రి చేయి తిరగేసి చూస్తున్నది. తండ్రి నవ్వాడు.”

“నవ్విండా?” అంది ఆమె.

“నవ్వాడు.”

“ఎన్ని దినాలు చూసినవ్ చెల్లె?”

“నేను వచ్చిన ప్రతిరోజూ.”

ఆమె కాగితం తీసుకుంది. చదువు రాని మనిషి, అయినా చాలాసేపు దానివంక చూసి, పాపను ఒళ్ళోకి లాక్కుంది.

తిరిగి వచ్చి మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను. మనం చూడటానికి వచ్చాం గాని కాపురాలు సర్దడానికి కాదని గట్టిగానే చివాట్లు పెట్టారు. ఆ ఇంటిని పరిశోధన నుంచి తీసేశారు. ఇక నన్నూ పంపించేస్తారనుకుని పెట్టె సర్దుకుంటుంటే పిలిచి, నేను కింద ఖాళీ జాగాలో రాసినవన్నీ మళ్ళీ మొదటినుంచి చదివించుకుని విన్నారు. తరవాత వచ్చిన కొత్త కాగితాల్లో ఒక గడి పెరిగింది, మాట లేకుండా జరిగినవి అని.

పది రోజులకు పాప తల్లి పిల్లతో వచ్చేసింది. గొడవలన్నీ తీరిపోయాయని చెప్పను. అతను మాటకారి కాలేదు, ఆమె కోపమూ తగ్గలేదు. కాకపోతే ఒకరోజు అదే వీధిలో ఇంకో ఇంటికి వెళ్తూ కుళాయి దగ్గర ఆగితే, వరుసలో ఆమె బిందె ఉంది గాని ఆమె లేదు. చూస్తే ఇంటి కిటికీ పక్కన చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి లోపలికి చూస్తున్నది. నన్ను చూసి సిగ్గుపడి, చప్పుడు చేయకని సైగ చేసింది.

వారం వారం వెళ్ళినట్టే ఆ శనివారమూ నేను ఇంటికి వెళ్ళాను. నాన్న ఎప్పటిలాగే బస్సు ఆగేచోట నా సంచి అందుకుని ముందు నడిచాడు. ఎంతసేపైంది వచ్చి అని మొదటిసారి అడిగాను. “ఇప్పుడేనమ్మా” అన్నాడు. టీ కొట్టతను నవ్వాడు.

“ఏడ ఇప్పుడే? రెండింటి నుంచి గీడనే కూసున్నడు. ప్రతి శనివారం గిదే కత.”

నేను బస్సు దిగింది అయిదింటికి. నాన్న వినబడనట్టు నడక పెంచాడు. నేను పరుగులాంటి నడకతో ఆయన పక్కకు చేరి, మేడం సంగతి, బాయి సంగతి, పాప సంగతి ఇల్లు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు. ఆ తరవాత పద్నాలుగేళ్ళు బతికాడు, ప్రతి శనివారం కాకపోయినా మేం అలా నడుస్తూనే వచ్చాం.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, ఆ బాయి మూసేశారు. ముక్కూ ముఖం తెలియని పిల్లను ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టుకుని, మా ఇల్లు చూసి రాసుకో అనేవాళ్ళు ఇవాళ దొరకరు. ఇప్పటి తండ్రులు పిల్లల్ని భుజాన వేసుకుంటున్నారు, నా బంగారం అని అందరి ముందూ అంటున్నారు. వింటుంటే నాకు సంతోషంగానే ఉంటుంది. మా ఈడువాళ్ళం కలిసినప్పుడు మాత్రం, మా నాన్నకు నేనంటే ఇంత ఇష్టమని ఆయన పోయాకే తెలిసింది అని ఎవరో ఒకరు అంటారు. నాకు ఇరవై ఒకటో ఏటే తెలిసింది. ఆ మాట వాళ్ళ దగ్గర అనాలనిపిస్తుంది గాని, అనను.