నేను వేసిన ముడి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఒకసారి వచ్చిన ఫలితం రెండోసారి కూడా వస్తేనే నమ్మే ఉద్యోగం నాది. ఇది ఒక్కసారే జరిగింది. అయినా జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మొన్నటి దసరా సెలవుల్లో నేను, మా ఆయన సుధాకర్, మా పాప అండమాన్ వెళ్లాం. మా ఆయన పటాన్‌చెరులో టీచరు. ముగ్గురం సముద్రం చూడటం అదే మొదటిసారి. నాకు ఈత కూడా రాదు.

ఒక చిన్న దీవి నుంచి పక్క దీవికి తెరచాప పడవ మాట్లాడుకున్నాం. నడిపే మనిషి అప్పలరాజుకు యాభై దాటి ఉంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ కుటుంబం. తెలుగు మనిషి దొరికాడని సంతోషంగా ఎక్కాం.

బయల్దేరినప్పుడు ఎండ కాస్తోంది. సగం దూరం పోయాక పడమట మబ్బు కమ్మింది. పది నిమిషాల్లో వానా గాలీ మొదలై, అలలు పడవ అంచు దాటి లేచాయి. పడవకున్న చిన్న ఇంజను నీళ్లు చేరి ఆగిపోయింది. తెరచాపను పట్టి ఉంచే తాడు తెగింది. తెరచాప అడుగున ఉండే వాసం గిర్రున తిరిగి అప్పలరాజు కుడి భుజానికి కొట్టింది. ఆయన కూలబడిపోయాడు. ఇక ఆ చెయ్యి లేవలేదు.

పడవ ఒరుగుతోంది. పాప ఏడుస్తోంది. మా ఆయన దాన్ని పొదివి పట్టుకుని ప్రార్థన చేస్తున్నాడు.

నాకు మాత్రం భయం వేయలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, బల్లి మీద పడితే అరిచే మనిషిని. లేచి, గాలికి కొట్టుకుంటున్న తాడు అందుకుని, వాసానికి రెండు చుట్లు చుట్టి ముడి వేశాను. వెనక్కి వెళ్లి చుక్కాని పట్టుకున్నాను.

"నీకేం తెలుసే అది? జెర కూసో," అన్నాడు మా ఆయన.

"పాపను వంగి కూసోమను. నువ్వు ఎడమ దిక్కు జరుగు," అన్నాను.

అలను ఎదురుగా కాదు, కొంచెం ఏటవాలుగా ఎక్కించాలి. దిగేటప్పుడు చుక్కాని పట్టు సడలించాలి. ఇవి నాకు ఎవరూ చెప్పలేదు. రోజూ స్కూటీ మీద డ్యూటీకి పోయినంత మామూలుగా చేసుకుపోయాను. అప్పలరాజు నా చేతుల వంకే చూస్తున్నాడు. ముప్పావుగంటకు ఒడ్డు చేరాం.

వాన తగ్గింది. అప్పలరాజు భుజానికి తువ్వాలు కట్టుకుని, ఆ ముడిని ఎడమచేత్తో తడుముతూ కూర్చున్నాడు.

"ఈ ముడి మీకెవులు నేర్పినారమ్మా?"

"ఎవ్వరు నేర్పలే. తాడు దొరికింది, కట్టిన."

"ఇది మా అయ్య ముడి. కొసని ఎనక్కి తిప్పి దోపుతాడు. ఇక్కడ ఇంకెవులూ ఇలగ కట్టరు. నాకూ రాదు. నాను సిన్నోడిగా ఉన్నప్పుడే అయ్య సేపలేటకెల్లి మరి రాలేదు."

భయంలో చేతులు వాటంతటవే పనిచేస్తాయని, ముడి అలా కుదిరి ఉంటుందని మా ఆయన అన్నాడు. ఇప్పటికీ అదే అంటాడు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇంటికొచ్చాక అలాంటి తాడే కొని ఎన్నోసార్లు ప్రయత్నించాను. రాలేదు.

అప్పలరాజు ఆ ముడి విప్పలేదు. తాడును రెండు వైపులా కోసి, ముడిని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మేం సామాన్లు తీసుకుని కదిలాక వెనకే వచ్చి, మా ఆయనకు వినపడకుండా అడిగాడు.

"మా అయ్య ఇంకేటైనా సెప్పినాడా అమ్మా?"

లేదన్నాను. అది నిజమే. ఆయన తల ఊపి పడవ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ముప్పావుగంట నా చేతులతో పని చేసింది ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. కానీ ఆ మనిషికి ఇంకో మాటేదైనా చెప్పి ఉండాల్సిందని చాలాసార్లు అనిపిస్తుంది.