ఆమె వదిలించలేని మరక

మొన్న మంగళవారం పొద్దున్న అమ్మ ఫోన్ చేసి, మా ఊరి చాకలమ్మ పోయిందని చెప్పింది. ఆ వెంటనే, వచ్చే నెల బాబాయి కూతురి పెళ్ళికి మేలుకట్టు ఎవరు కడతారో తెలియడం లేదంది. ఇప్పుడు మా ఊళ్ళో వాషింగ్ మెషీన్ లేని ఇల్లు తక్కువ. అయినా పెళ్ళిపందిట్లో తలపైన మేలుకట్టు గుడ్డ కట్టడానికీ, పురిటి మైల తియ్యడానికీ మాత్రం చాకలి ఉండాలి. ఆమె లేని లోటు ఊరికి అంతవరకే తెలిసింది.

టెక్కలిలో మా వంటింట్లో నిలబడి ఆ ఫోన్ విన్నాను. ఏడుపు రాలేదు. ఆమెకి చెప్పాల్సిన మాట ఒకటి పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఈసారి ఊరెళ్ళినప్పుడు చెబుదాం, దసరాకి చెబుదాం అనుకుంటూ గడిపేశాను. ఇంక ఆ పని లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమెకో పేరు ఉంది. ఓటరు కార్డు మీదా ఆసుపత్రి కాగితాల మీదా ఉంటుంది. మా ఇంట్లో ఎవరమూ ఆ పేరుతో పిలవలేదు. బతికుండగా పిలవని పేరు ఇప్పుడు రాసి, మర్యాద చేశానని మురిసిపోవడం నాకిష్టం లేదు. చాకలమ్మ అనే రాస్తాను.

బారువకి ఇవతల, గాలి అటు తిరిగితే సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది మా ఊరు. ఎవరింట్లో పురుడు వచ్చినా పాత పంచెలు, మెత్తబడిన నేత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. బిడ్డ పాడుచేసిన ఆ గుడ్డలు ఇంట్లోవాళ్ళు ఉతకరు, మైల అంటారు. చాకలమ్మ పొద్దున్నే వెనక గుమ్మంలోకి వచ్చి, మూటకట్టి ఊరి పక్క పారే గెడ్డకి, అంటే వాగుకి, పట్టుకెళ్ళి, ఉతికి ఆరేసి, పొద్దుగూకే లోపల మడతపెట్టి తెచ్చేది. అలా మా ఊళ్ళో ఎన్నో ఏళ్ళుగా పుట్టిన ప్రతి బిడ్డ కడుపు సంగతీ కన్నతల్లి కంటే ముందు ఆమెకి తెలిసేది. మేం ముక్కు మూసుకుని మూలకి విసిరేసేవాళ్ళం. విప్పి చూసేది ఆమె ఒక్కతే.

నా మొదటి కాన్పు పుట్టింట్లోనే. ఆడపిల్ల. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు గుడ్డలో తారులాంటి నల్లటిది చూసి నేను హడలిపోయి ఏడ్చాను. చాకలమ్మ నవ్వింది. తల్లి కడుపులోనే తెచ్చుకున్న మడ్డి అదనీ, పోవాల్సిందేననీ, రేపటికి గోంగూర పసరులా మారి, ఆ తర్వాత ఆవపిండి రంగులోకి వస్తే పాలు బాగా పడుతున్నట్టనీ చెప్పింది. చెప్పినట్టే అయింది. ఆవపిండి రంగులో పలచగా, సన్నటి పలుకులతో ఉన్నదాన్ని చూసి విరేచనాలు అనుకున్నాను. అదీ కాదంది. తల్లిపాల బిడ్డకి అలాగే ఉంటుందని, వాసన కూడా పెద్దగా ఉండదని, కావాలంటే ముక్కు మీద చెయ్యి తీసి చూడమంది. నేను తియ్యలేదు.

“సంటిది నోటితో సెప్పనేదు పాపా. గుడ్డతో సెప్తాది. సూడాల” అంది.

ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని నేను. పిల్లల పెంపకం మీద ఫోన్లో బోలెడు చదివాను. చాకలమ్మ దగ్గర నేర్చుకునేది ఏముంటుంది అనుకున్నాను. పైకి అనలేదు గానీ, నా మొహం చూస్తే తెలిసిపోయే ఉంటుంది.

ఇరవయ్యొకటో రోజున పేరు పెట్టాం. మా వైపు పసిబిడ్డకి రోజూ నూనె మర్దనా చేసి, పసుపు కలిపిన నలుగుపిండి పెట్టి స్నానం చేయిస్తారు. పిల్ల ఒళ్ళు పసుపుపచ్చగా మెరుస్తుంటే బంగారు ఛాయ వచ్చిందని చుట్టాలు మెచ్చుకున్నారు. దిష్టి తగులుతుందని అమ్మ ఉప్పు తిప్పింది. రెండు రోజులు గడిచాక చాకలమ్మ మడతలన్నీ గుమ్మంలో పెట్టి, ఒక గుడ్డ మాత్రం విడిగా చేత్తో పట్టుకుని నిలబడింది. మధ్యలో అరచెయ్యంత మరక ఉంది. రెండుసార్లు ఉతికినా పోలేదంది. పసుపు మరక అయివుంటుందని అమ్మ కొట్టిపారేసింది.

“పసుపైతే సబ్బు తగల్గానే ఎర్రబడాల బుగతమ్మా. ఇది ఎర్రబడనేదు. సంటిదాని ఉచ్చ నీల్లనాగుండాల గాని గుడ్డకి రంగంటకూడదు. దొడ్డికీ తెల్లబడతన్నాది, జీడిపప్పునాగ. పెద్దాసుపత్రికి పట్టుకెల్లండి.”

పేరు పెట్టి మూడు రోజులైనా కాలేదు, ఏం నోరు నీది అని అమ్మ విసుక్కుంది. మర్నాడు చాకలమ్మ అదే గుడ్డ మళ్ళీ తెచ్చింది. ఈసారి అమ్మకి కాదు, నాకు చూపించింది. నమ్మకపోతే నువ్వే ఓపాలి సబ్బెట్టి సూడు అని గుడ్డ నా వైపు చాపింది. పురిటి మంచం మీద కూర్చుని నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“మరక వదిలించడం నీకు సేతకాకపోతే సేతకాదని సెప్పు. నీ తప్పు నా పిల్ల మీదెట్టకు” అన్నాను.

ఆమె గుడ్డ మళ్ళీ మూటలో వేసుకుని, ఇంకోసారి ఉతుకుతానని చెప్పి వెళ్ళిపోయింది. సాయంత్రం మిగతా మడతల్లో కలిపి తెచ్చి గుమ్మంలో పెట్టేసింది.

ఆ వారమే మా ఆయన పలాస నుంచి డైపర్ల కట్ట తెచ్చాడు. ఇంక రానక్కర్లేదని చాకలమ్మకి కబురు పంపాం. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. డైపరు అంతా తాగేస్తుంది, పిల్ల ఒళ్ళు పొడిగా ఉంటుంది, చుట్టేసి జీడితోటలో గోతిలో పడేస్తే సరి. పిల్ల రోజుకి ఎన్నిసార్లు పోసింది, ఏ రంగులో పోసింది, ఏదీ ఎవరూ చూడలేదు. డైపరుదేం తప్పు లేదు. విప్పి వెలుతుర్లో చూస్తే అదీ గుడ్డలాగే చెబుతుంది. నేనే చూడలేదు.

నెలన్నర టీకాకి పిల్లకి ఒంటినిండా పసుపు రాసి, కాటుక దిద్ది తీసుకెళ్ళాం. అందరూ ముద్దు చేశారు. మూడో టీకా నాటికి పిల్ల కడుపు ఎత్తుగా కనపడింది. నర్సమ్మ కన్ను కిందకి లాగి చూసి, తెల్లగుడ్డు పచ్చగా ఉందని పరుగులు పెట్టించింది. శ్రీకాకుళం, అక్కణ్ణించి విశాఖపట్నం. అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, దొడ్డికి ఎప్పటినుంచి తెల్లగా పోతోంది అని. తెలియదన్నాను. అబద్ధం. నాకు తెలుసు. ఇరవై మూడో రోజు నుంచి. ఆ ఒక్క మాటా నా నోట్లోంచి రాలేదు.

ఆ డాక్టరు కోప్పడకుండానే చెప్పాడు. దొడ్డికి పచ్చదనం వచ్చేది కాలేయం నుంచి దిగే పైత్యరసం వల్లట. ఆ దారి మూసుకుపోతే దొడ్డికి తెల్లబడుతుందట. దిగాల్సిన రంగు ఉచ్చలోకి వచ్చి గుడ్డకి అంటుకుంటుందట. రెండు నెలల లోపల తెస్తే ఆపరేషను నిలబడే ఆశ ఎక్కువ ఉంటుందట. చాకలమ్మ గెడ్డ ఒడ్డున కనిపెట్టిన సంగతే అది. మేం వెళ్ళేసరికి నూరు రోజులు దాటింది. ఆపరేషను చేశారు, నిలబడలేదు. మొదటి పుట్టినరోజు చూడకుండానే నా కూతురు వెళ్ళిపోయింది.

పోయిన బిడ్డ బట్టలు ఇంట్లో ఉంచుకోరు, చాకలికి ఇచ్చేస్తారు. అమ్మ మూటకట్టి వెనక గుమ్మంలో పెట్టింది. చాకలమ్మ వచ్చి మూట ఎత్తుకుంది. నేను గదిలోంచి చూస్తున్నానని ఆమెకి తెలుసు. తలెత్తలేదు. ఆ రోజు ఆమె నా మొహాన ఒక్క మాట కొట్టి ఉంటే బాగుండేది.

రెండేళ్ళకి నాకు కొడుకు పుట్టాడు. ఆమెని పిలిచే మొహం మాకు లేదు. పిలవకుండానే మూడో రోజు పొద్దున్న వెనక గుమ్మంలో నిలబడి, గుడ్డలు ఏవి అంది. ఈసారి ముక్కు మూసుకోలేదు నేను. పక్కన కూర్చుని ఆమె విప్పుతుంటే చూశాను. వారం దాటిన బిడ్డ రోజుకి ఆరు గుడ్డలైనా తడపాలని, అంతకంటే తగ్గితే పాలు సరిపోవడం లేదని చూపించింది. బయటికెళ్ళేటప్పుడు డైపరు వేస్తే బరువు చెయ్యిపెట్టి చూడమంది. మొదట్లో రోజుకి పదిసార్లు దొడ్డికెళ్ళినా ఫరవాలేదంది. నెల దాటాక వాడు అయిదు రోజులు వెళ్ళకపోతే అమ్మ ఆముదం చెంచాతో తయారైంది. చాకలమ్మ ఆ చెంచా లాక్కున్నంత పని చేసింది.

“పాలు తాగతన్నాడు, ఆడతన్నాడు, కడుపు మెత్తగున్నాది. మెత్తగా పోతే ఆర్రోజులైనా పరవానేదు. రాయినాగ పోతే ఒక్క పూటైనా ఊరుకోకూడదు. ఎరుపు, తెలుపు, మల్లీ నలుపు, ఈ మూడూ వొత్తే నన్నడక్కండి, ఆసుపత్రికెల్లండి.”

ఆరో రోజు వాడు ముగ్గిన పనసతొన రంగులో మెత్తగా వెళ్ళాడు. ఒళ్ళంతా పూసుకున్నాడు. అమ్మా చాకలమ్మా నేనూ చాలా రోజుల తర్వాత ఒకేసారి నవ్వాం.

ఆమెకి ఇంకో మాట ఉండేది, జీడిపప్పు డబ్బాలో ఉండాల గాని గుడ్డలో ఉండకూడదు అని. పురుడొచ్చిన ప్రతి ఇంట్లోనూ అనేదట. పక్కింటివాళ్ళు చెబితే నాకు తెలిసింది. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను చెప్పాను కదమ్మా అని కూడా ఎప్పుడూ అనలేదు. ఆ మర్యాద నాకు తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది. నేను మాత్రం తప్పైపోయిందని నోరు విప్పలేకపోయాను. చీరలు పెట్టాను. బియ్యం పంపాను. చీరలు పెట్టడం తేలిక.

రెండేళ్ళ క్రితం ఆమె కాళ్ళు వాచాయని అమ్మ చెప్పింది. మా ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే కిడ్నీలు పోయాయనే, ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రతి వీధిలోనూ ఒకరున్నారు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేది. పోయిన వేసవిలో అక్కడి బస్టాండులో నాకు ఎదురైంది. చెయ్యి ఉబ్బి, మొహం నల్లబడి, సగం మనిషి అయిపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పటినుంచి ఇలా ఉంది, ముందే ఎందుకు చూపించుకోలేదని అడిగాను. నవ్వింది.

“ఊరందరి పిల్లల ఉచ్చలూ సూసినాను పాపా. నాది నాను సూసుకోనేదు.”

ఆమెది చూడాల్సిన బాధ్యత ఇంకెవరికైనా ఉందని మాకెవరికీ తట్టలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. ఇంతలో టెక్కలి బస్సు వచ్చింది. ఆ బస్సు పోతే ఇంకో బస్సు ఉంది. నేను ఎక్కి కూర్చున్నాను.

ఆమె పోయిన మూడో రోజు ఊరెళ్ళి వాళ్ళింటికి వెళ్ళాను. పుట్టి ఇన్నేళ్ళయినా ఆ ఇంటి గడప తొక్కడం నాకు అదే మొదలు. కోడలు పీట వేసింది. నేను కూర్చున్నాక లోపలికెళ్ళి, మందుల కవరు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల నాలుగు మడతల గుడ్డ ఉంది. మా నాన్న పాత పంచె అంచు చూడగానే గుర్తుపట్టాను. మడత విప్పితే మధ్యలో అరచెయ్యంత మరక. రంగు కొంచెం గోధుమబారింది, అంతే.

పిల్ల పోయాక మా ఇంటి నుంచి ఎత్తుకెళ్ళిన బట్టల మూటలోంచి ఆమె ఈ ఒక్క గుడ్డా తీసి దాచుకుందట. ఏ ఇంట పురుడొచ్చినా సంకన పెట్టుకుని వెళ్ళేదట. బిడ్డ గుడ్డకి ఈ రంగు అంటితే ఒక్క రోజు కూడా ఆగొద్దని విప్పి చూపించేదట. జాలరిపేటలో ఒక పిల్లాడికి అలాగే అంటితే, వాళ్ళు భయపడి అయిదో వారంలోనే విశాఖపట్నం తీసుకెళ్ళారట. వాడు ఇప్పుడు బడికెళ్తున్నాడు. పోయేముందు ఈ గుడ్డ నాకు ఇమ్మని చెప్పిందట.

ఇది ఎవరి పిల్లదని ఊళ్ళోవాళ్ళు అడగలేదా అన్నాను.

“అడిగేవోరమ్మా. ఎవల్దని సెప్పీది కాదు. నాను వదిలించలేకపోయిన మరక, నా సేతకాని ఉతుకు అనీది” అంది కోడలు.

ఆ గుడ్డ టెక్కలి తెచ్చుకున్నాను. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెరట్లో పీట వేసుకుని కూర్చుని, బకెట్లో తడిపి, మరక మీద సబ్బు పెట్టాను. పదకొండేళ్ళ కిందట ఆమె నన్ను అడిగింది ఈ ఒక్క పనే. రెండు చేతులతో నురగ వచ్చేదాకా రుద్దాను. నీళ్ళు పోసి, గుడ్డ ఎత్తి ఎండకి పట్టి చూశాను. ఎర్రబడలేదు.