సీసా అడుగున తెల్లటి మందు

ఈ సంగతి చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు మాట మార్చారు. రిటైరైన పంతులు సూదుల గురించి మాట్లాడితే ఎవరికి పడుతుంది? నిన్న మట్టెవాడ దవాఖానలో మనవడికి టీకా వేయించడానికి వెళ్లాను. స్పిరిటు వాసన తగలగానే ఆగలేక మొదలుపెట్టాను. ఆ కుర్ర డాక్టరు "తర్వాత మాట్లాడుదాం అంకుల్" అని తర్వాతి వాళ్లను పిలిచాడు. అందుకే రాస్తున్నాను. రజియా సిస్టర్ గురించి ఈసారి ఎవరో ఒకరు వినాలి.

డెబ్బైల చివర నేను పరకాల దగ్గర ఒక పల్లెలో బడిపంతుల్ని. కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం మూడింటికీ కలిపి వేసే టీకాను మా బడి వరండాలోనే వేశారు. ముప్పైమంది పసివాళ్లు. వరుసగా పేర్లు, నంబర్లు రాసింది నేనే. నా కూతురు సుజాతది ఇరవయ్యో నంబరు. తర్వాత కొన్నాళ్లకు పిల్ల తొడ మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. దవాఖానకు ఎత్తుకుపోతే, సూది వేసిన కాంపౌండరు తలైనా ఎత్తలేదు. "మీ పిల్ల ఒళ్లే అట్లున్నది సారూ. నువ్వు పోయి పాఠాలు చెప్పుకో" అన్నాడు. ఆ 'నువ్వు' కూడా నాకు గుర్తుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనింకా క్షమించలేదు.

నేను గొంతు పెంచాను. లోపలి నుంచి నర్సు రజియా సిస్టర్ వచ్చారు. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు.

"ఒర్రితే గడ్డ కరుగుతదా సార్? జర కూసోండ్రి. ఇంకెవ్వరికన్న లేసిందా?"

"ఊరంతా లేచింది."

"ఊరంతా అంటే ఎంతమంది? ఇల్లిల్లు తిరిగి రాసుకొని రాండ్రి. అప్పుడు మీ కొట్లాట నేనే కొట్లాడుత."

ఆ మాటా గుచ్చుకుంది. అయినా తిరిగాను. తల్లులు అప్పటికే "మల్లోసారి సూదంటే బడి దిక్కే రాము" అంటున్నారు. కోరింత దగ్గుతో ఒక పసివాడు ఊపిరాడక నీలంగా మారడం నేను కళ్లారా చూశాను. రెండో సూదికి ఎవరూ రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. తిరిగి చూస్తే గడ్డ లేచింది ఊరందరికీ కాదు, ఆరుగురికి. తొమ్మిది, పది, పంతొమ్మిది, ఇరవై, ఇరవై తొమ్మిది, ముప్పై.

సిస్టర్ ఆ నంబర్ల మీద వేలు పెట్టి కాంపౌండరును అడిగారు. "ఒక్క సీసా ఎంతమందికి?"

"పదిమందికి."

"ఆఖరి ఇద్దరికే గడ్డ ఎందుకు లేసింది మల్ల?"

ఆమె కదలకుండా ఉంచిన సీసా ఒకటి తెచ్చి వెలుగుకు పట్టారు. పైన తేట, అడుగున తెల్లటి పొర. "ఊపినవా దీన్ని?"

"అది మడ్డి కదా సిస్టర్. లేపుడెందుకని పైన తేట తీసిన" అన్నాడాయన. మంచి పనే చేశాననుకున్నాడు.

"మడ్డి కాదు నాయనా, పటిక జాతి మందు. టీకా దాన్నే పట్టుకొని ఉంటది. దుష్మన్ వచ్చిండని ఒంటిని లేపేది అదే. మొదలోళ్లకు నీళ్లు పోసినవ్, ఆఖరోళ్లకు ముద్ద పెట్టినవ్." నా వైపు తిరిగారు. "కొద్దిగ వాపు మామూలే సార్, ఇంత గడ్డ కాదు. పిసకద్దు, కోయద్దు. దానంతటదే కరుగుతది. ఎర్రగ కాలినా, జ్వరమొచ్చినా వెంటనే తీస్కరాండ్రి."

ఆ సాయంత్రమే ఆమె ముప్పై గడపలూ ఎక్కి "తప్పు మాదే" అన్నారు. దవాఖాన మనిషి నోట ఆ మాట ఊరు అంతకుముందు వినలేదు. తర్వాతి నెల రెండో సూదికి ముప్పైమందీ వచ్చారు. కాంపౌండరు సీసా తీయగానే వరుసలోని ముసలమ్మ అందుకుంది. "ఏందయ్యా, ఊపుతలేవేంది? చేతులు నొస్తానయా?" ఆయన ఊపాడు. "ఇంకింత ఊపు, బువ్వ తినలేదా?" అంది ఇంకొకామె. సిరంజి నింపిన ప్రతిసారీ వరండా అంతా చూస్తుండగా ఊపాడు. నెల గడిచాక నేను మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, ముప్పై పేర్ల ఎదుట 'గడ్డ లేదు' అని రాశాను. అంత తీపిగా నా కలం ఎన్నడూ నడవలేదు. సుజాత తొడ మీది గడ్డ కూడా అప్పటికి కరిగిపోయింది.

ఆ తర్వాత నేను 'ఊరంతా' అని ఏ అర్జీలోనూ రాయలేదు. నల్లా రాకపోయినా, బస్సు ఆగకపోయినా, పేర్లతో, లెక్కతో రాస్తాను. అలా రాసిన అర్జీని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

ఈ సంగతంతా తన పేరుతో పైఆఫీసుకు రాసి పంపిన సిస్టర్ ఎనభైల్లో బదిలీ అయ్యారు. ఆ తర్వాత 'వాడే ముందు సీసాను బాగా ఊపవలెను' అన్న కాగితం చుట్టుపక్కల దవాఖానల గోడలకెక్కింది. కింద ఒక పెద్ద అధికారి శ్రద్ధకు కృతజ్ఞతలు. ఆమె ఊసే లేదు. ఆ అధికారి ఆఫీసుకు పదకొండు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఇది పన్నెండోది. ఆ కుర్చీలో ఇప్పుడెవరున్నా సరే, 'పరిశీలిస్తాం' అనకండి. రజియా సిస్టర్ పేరు కొట్టేసింది ఎవరో, పేరు పెట్టి జవాబు రాయండి.