తమ్ముడి బండలాగుడు క్యాసెట్

మొన్న పొద్దున మిరపచేనుకు పోతుంటే పక్కనున్న జొన్నచేలో తాళ్లకు పాత డిస్కులు వేలాడుతూ కనిపించాయి. పిట్టలు బెదరడానికి కట్టారట. ఒకప్పుడు పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు ఎక్కించుకుని బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకున్నవి అలా ఎండలో గిరగిరా తిరుగుతుంటే నా ఈడు వాళ్లకు నవ్వొస్తుందేమో గానీ, నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎందుకు మండిందో చెబుదామనే ఇది రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు, ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి.

మా తమ్ముడు బండలాగుడు పోటీల్లో ఎడ్లు తోలేవాడు. పర్చూరు చుట్టుపక్కల ఎక్కడ పోటీ పెట్టినా గిత్తలున్న రైతులు వాణ్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, ఎందుకంటే వాడు చెర్నాకోల ఎత్తడమే గానీ దెబ్బ వేసేవాడు కాదు, గొంతుతోనే బండను కదిలించేవాడు. ఒక ఏడు మా ఆయన స్నేహితుడి దగ్గర చేతికెమెరా అడిగి తెచ్చి ఆ పోటీ అంతా తీశాడు. మరుసటి ఏడు చీమకుర్తి రోడ్డు మీద రాళ్ల లారీ గుద్ది తమ్ముడు పోయాడు. వాడికి ఫొటోలు చాలానే ఉన్నాయి, కానీ వాడి గొంతు ఉన్నది ఆ చిన్న క్యాసెట్ ఒక్కదానిలోనే.

తమ్ముడి ఏడూడి, అదే సంవత్సరీకం, దగ్గర పడుతుంటే అమ్మ అడిగింది. పెట్టుబడి చీరలు వద్దు, ఏమీ వద్దు, "నా బిడ్డ అరుపు ఒక్కసారి వినిపించండ్రా, చాలు" అంది. ఆ కెమెరా స్నేహితుడు ఎప్పుడో అమ్మేసుకున్నాడు. అందుకని మా ఆయన క్యాసెట్ పట్టుకెళ్లి, పెళ్లిళ్లకు వీడియోలు తీసే తెలిసినతని స్టూడియోలో డీవీడీకి ఎక్కించమని ఇచ్చాడు.

తెచ్చిన డిస్కు ముందు మా ఇంట్లో వేసి చూశాం. నిలబడి ఉన్న జనం బాగానే ఉన్నారు. గిత్తలు కదిలాయో లేదో బొమ్మంతా వణకడం మొదలుపెట్టింది, కాళ్ల అంచులన్నీ దువ్వెన పళ్లలా చీలిపోయి, ముందుకు పోతున్న ఎద్దు అంతలోనే వెనక్కి గుంజుకున్నట్టు కనిపించింది. నేను అదేమీ పట్టించుకోలేదు, తమ్ముడి గొంతు చెవిన పడగానే టీవీ దగ్గరకంటా జరిగి కూర్చున్నాను. "హోయ్ నా తండ్రీ, లాగు నాయనా, హోయ్!" అని ఆ అరుపు ఇంటిని నింపేసింది. మా ఆయన మాత్రం వైర్లు పీకి పెట్టాడు, డిస్కును లుంగీ అంచుతో తుడిచాడు, పక్కింటి ప్లేయర్ తెచ్చి వేశాడు. వణుకు పోలేదు.

"ఇట్టా వణికే బొమ్మ చుట్టాల ముందు వేస్తే నవ్విపోతారు. ఇచ్చేసి మళ్లీ చేయిద్దాం" అన్నాడు.

"గొంతు వినపడతంది గదా, ఉండనీయండి."

"నీకేం తెలుసే, ఊరుకో."

ఇద్దరం వెళ్లాం. స్టూడియో అతను తన కంప్యూటర్లో చూపించాడు, అందులో వణుకే లేదు. టీవీలో వేస్తే ఉంది. అప్పుడు తల గోక్కుని, కెమెరా ప్రతి బొమ్మనూ రెండు సగాలుగా తీస్తుందనీ, ఒక సగంలో ఒక గీత విడిచి ఒక గీత ఉంటే మిగిలిన గీతలు రెండో సగంలో ఉంటాయనీ, వెనక రావలసిన సగం ముందు వస్తోందనీ చెప్పాడు. మిరపకోతలో ఒక సాలు విడిచి ఒక సాలు కోసుకుంటూ పోయే మాకు అది అర్థం కాని సంగతేమీ కాదు. రెండోసారి చేస్తే వణుకు తగ్గి నీడలు వచ్చాయి.

"ఏందయ్యా, ఎద్దుకు ఎనిమిది కాళ్లు మొలిచినయ్యి?" అన్నాడు మా ఆయన.

"ఎనిమిది కాళ్లయితే ఇంకా గట్టిగా లాగుద్దిలే బావా" అని నవ్వి, పాత డిస్కులు రెండూ అడిగి తీసుకుని మా కళ్లముందే ఫట్‌మని విరిచేశాడు. ఇలాంటివి బయట తిరిగితే షాపు పేరు పోతుందట. క్యాసెట్ అతని దగ్గరే ఉంది గదా అని నేను నోరు మెదపలేదు.

మూడోది షాపు టీవీలో వేసి చూపించాడు. దానికి స్పీకర్ పోయి చాలాకాలమైందట. బొమ్మ మాత్రం అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు, గిత్తల గిట్టల కింద లేచే దుమ్ము కూడా తెలుస్తోంది. మా ఆయన అతని భుజం తట్టాడు.

ఏడూడి నాడు భోజనాలయ్యాక అమ్మను టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టాలందరి ముందు వేశాం. సినిమా పాట మొదలైంది. తమ్ముడు చెర్నాకోల ఎత్తాడు, వాడి మెడ నరాలు ఉబ్బాయి, నోరు తెరిచాడు, పాట వినిపించింది. ఒక పాట అయిపోతే ఇంకొకటి.

"వాడు అరవడేందే?" అంది అమ్మ.

"వచ్చుద్దిలే అత్తా" అన్నాడు మా ఆయన. చివరిదాకా చూశాం, రాలేదు.

మర్నాడు స్టూడియోకు పరుగెత్తాం. అతనికి మా ఏడుపు అర్థమే కాలేదు. మా వైపు ఏ వీడియో అయినా జనం గోల తీసేసి పాటలు వేసి ఇవ్వడమే పద్ధతి, అలా ఇవ్వకపోతేనే జనం తిడతారు.

"ఊరికే చేసిచ్చానక్కా, పైగా మంచి పాటలు ఏరి మరీ వేశాను."

"మా క్యాసెట్ మాకియ్యి."

"దాని మీదే మొన్న ముహూర్తాలకు ఇంకో పెళ్లి తీశాం. ఎక్కించుకున్నాక క్యాసెట్ ఎవరు దాస్తారక్కా?"

కంప్యూటర్లోది కూడా చోటు చాలక తుడిచేశాడట. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా అతను పలకరిస్తూనే ఉన్నాడు, నేను మాత్రం ఇప్పటికీ పలకను. మా ఆయన నవ్విపోతారని భయపడిన చుట్టాలు ఆ రోజు బొమ్మ ఎంత బాగుందో అని మెచ్చుకుంటూ వెళ్లారు. అది కూడా మర్చిపోలేదు.

అమ్మ ఆ డిస్కు పారేయనివ్వలేదు. సౌండు తీసేయించి వేయించుకునేది. తెర మీద వాడు నోరు తెరిచినప్పుడల్లా, వంగిపోయిన నడుముతో ముందుకు జరిగి, "హోయ్ నా తండ్రీ, లాగు నాయనా" అని తనే అరిచేది. మొదట్లో పిల్లలు నవ్వారు, తర్వాత మానేశారు. అమ్మ పోయేదాకా అలాగే సాగింది.

ఇప్పుడు మా మనవలు అన్నం తిన్నారో లేదో కూడా ఫోన్లో గొంతుతోనే చెప్పి పంపుతున్నారు, విని వెంటనే తుడిచేస్తున్నారు. వణికే బొమ్మలు ఎక్కడా లేవు, అన్నీ అద్దాల్లానే ఉన్నాయి. నేను మాత్రం చేలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కళ్లు మూసుకుని తమ్ముడి అరుపు గుర్తుచేసుకోవాలని చూస్తాను. ఎంత ప్రయత్నించినా అమ్మ గొంతే వినిపిస్తుంది.